గోలీ రెండు దాటకూడదు

చేతులిలా ఇవ్వండి మేడమ్. ఊహూ, దుప్పట్లో దాచుకుంటే కుదరదు. మళ్లీ ఆక్సిజన్ మీటరు ముట్టుకోకుండా మంచానికి కట్టేయమని పెద్ద డాక్టరుగారు రాసిచ్చారు. నేనేం చేసేది?

అలా చూడకండి. ఆ చూపుకి హడలిపోయే రోజులు పోయాయి. నర్సింగ్ స్కూల్లో దుప్పటి మీద ఒక్క ముడత కనబడితే పక్క మొత్తం మళ్లీ వేయించేవారు. మీకు మేం పెట్టుకున్న పేరు తెలుసా? కొలబద్ద! ఆ కొలబద్ద ఇప్పుడు నా వార్డులో, నా చేతికింద. ఓడలు బళ్లవడమంటే ఇదే మరి.

అయ్యో, మాస్కు లాగకండి! లోపలి చెడుగాలిని బయటికి తోసే మిషనుది అది, తీస్తే మళ్లీ మగతలోకి జారిపోతారు. మాట్లాడాలనుందా? మూడేళ్లు మీరు మాట్లాడారు, మేం విన్నాం. ఈ ఒక్కపూట నన్ను మాట్లాడనివ్వండి.

అయినా, షుగరు పేషెంటు ఏం తినకూడదో మాచేత వల్లె వేయించిన మనిషి, దిండు గలీబులో క్రీమ్ బిస్కెట్లు దాస్తారా? మీ చెల్లెలుగారేగా తెచ్చింది? పొద్దున షుగరు మూడొందల ఎనభై! "స్టీరాయిడ్ ఇంజెక్షన్ వల్లేనమ్మా" అంటూ ఆవిడ వకాల్తా ఒకటి. స్టీరాయిడ్ పెంచుతుంది, కాదనను. మరి పక్కంతా రాలిన పొడి కూడా స్టీరాయిడేనా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది మీ యవ్వారం.

నవ్వకండి. మాస్కు పక్కనుంచి గాలి పోతోంది.

సరే, బిస్కెట్ల మాట వదిలేద్దాం. మీలాంటి పాత ఆయాసం మనిషికి ఆక్సిజన్ మీటరు గొట్టంలో తేలే గోలీ రెండో గీత దాటకూడదు. దాటితే ఊపిరి మందగిస్తుంది, లోపలి చెడుగాలి బయటికి పోదు, మనిషి నిద్రపోతున్నట్టే ఉండి ప్రాణం పోతుంది. బోర్డు మీద సుద్దముక్కతో గోలీ బొమ్మేసి మరీ చెప్పారుగా, "ఆయాసం చూసి జాలిపడి తిప్పారో, ఆ జాలే చంపుతుంది" అని.

నిన్న మధ్యాహ్నం ఆ గోలీ ఆరు మీదుంది. పక్క మంచం వాళ్లు కేకేస్తే పరిగెత్తుకొచ్చాం. ఎంత తట్టినా మీరు పలకలేదు.

రిపోర్టు పుస్తకంలో నేనేం రాశానో తెలుసా? "రోగి స్వయంగా తిప్పుకున్నారు." డాక్టరుగారు నమ్మేశారు. నమ్మరూ మరి? మొండితనంలో మీకున్న పేరు అలాంటిది. సాయంత్రం తెలివొచ్చాక ఆయన అడిగితే, మీరేమో బుద్ధిమంతురాలిలా తలూపారు.

ఎందుకూపారు?

ఏంటది, రెండు చేతులూ చాపుతున్నారు? వద్దు మేడమ్, అలా చాపకండి. ఇందాకటిలా దాచుకోండి. గుడ్లురమండి, తిట్టుకోండి. ఈ మణికట్లేంటి, ఇంత సన్నబడిపోయాయి...

మీరు చూశారు. నాకు తెలుసు, చూశారు.

మందు పొగ పట్టించినా ఆయాసం తగ్గలేదు నిన్న. మంచం పట్టీ పట్టుకుని "గాలి ఆడట్లేదు తల్లీ" అన్నారు. నన్నెప్పుడూ తల్లీ అనలేదు మీరు. మొద్దు అనేవారు. అంతే, చెయ్యి దానంతటదే పోయి తిప్పేసింది. అయిదు నిమిషాలాగి తగ్గించేద్దామనుకున్నా. ఈలోపు ఇంకో మంచం నుంచి పిలుపు. మర్చిపోయాను మేడమ్. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది నాకు, మర్చిపోయాను. పైగా మీ నెత్తిన వేశాను. నాకు సిగ్గుగా ఉంది.

తల అడ్డంగా ఊపకండి. నిన్న ఊపింది చాలు.

ఈ కట్లు నా జేబులోనే ఉంటాయి. డాక్టరుగారి గదికి పోతున్నా. ఆ వాక్యం కొట్టేసి నా పేరు రాస్తా. ఉద్యోగం ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది. మీ శిష్యురాలు నిజంగానే మొద్దని ఆయనకీ తెలియాలిగా.

బిస్కెట్లు మాత్రం పట్టుకుపోతున్నా. అది మీ తప్పే.