మూడు ప్లస్సులు

కంచరపాలెం రైలు పట్టాల పక్క సందు. పోర్టు కూలీల మేస్త్రీ కొండలరావు గుమ్మం ముందు, కొడుకు గోపిని రెక్క పట్టుకుని లాక్కొచ్చి నిలబడింది చిట్టమ్మ. ఆమె రెండో పిడికిట్లో నలిగిపోయిన పరీక్ష కాగితం ఉంది.

“ఎల్లను. నువ్వు సెప్పీదాకా నీ గుమ్మం ఇడిసి ఎల్లను కొండలరావూ. నా కొడుకు కిడ్నీలు ఏటి సేసీసినావు?”

“నానేటి సేసినానప్పా? గేటుపాసుకి పరీచ్చ ఏటేటా ఉన్నదే. డాట్రు బాగోనేదని రాసినాడు, పోర్టోళ్ళు పాసు ఆపీసినారు. మద్దిన నానెవుణ్ణి?”

“ఎవుడివా! ఇదిగో, ఉచ్చలో పోటీను మూడు ప్లస్సులంట. ఒక్క ప్లస్సుంటేనే బయపడాలన్నాది ఆ నర్సమ్మ. ఈడికి మూడేసినారు. ముప్పయ్యేళ్ళు నిండనేదు నా గుంటడికి!”

“అమ్మా, ఇంటికెల్లిపోదాం, నడు.”

“నువ్వు మాటాడకు గోపీ. నీకు నోరుంటే నానెందుకొత్తాను?”

“నెమ్మదిగప్పా. సందంతా సూత్తన్నారు.”

“సూడనీ! ఓడ కడుపులోకి దింపీసి బస్తాలు మోయిత్తావు. పైనా ఇనుమే, కిందా ఇనుమే, మద్దిన నా కొడుకు అప్పడంలాగ ఏగాల. నీళ్ళ డ్రమ్ము ఎక్కడెట్టినావు? పైన! నిచ్చెనెక్కొచ్చి తాగితే టైము పోనాదని తిడతావంట.”

“ఎవుడు సెప్పినాడు? నువ్వేనేటిరా గోపీ?”

“నానేటీ సెప్పనేదు మేస్త్రీ.”

“ఆణ్ణెందుకు ఉరుముతావు? నొప్పి బిళ్ళలు పంచీవోడివి నువ్వే కదా. పొద్దున్నొకటి, అన్నం తిన్నాక ఒకటి. పిప్పరమెంట్లనుకున్నావేటి?”

“అడిగితే ఇచ్చినాను. ఇవ్వకపోతే నడుమట్టుకుని కూకుంటాడు. నువ్వేసుకోవేటి ఆ బిళ్ళలు? బడ్డీ కాడ అట్టలకి అట్టలు కొంతన్నప్పుడు నానే సూసినాను.”

“నా మోకాళ్ళు, నా నొప్పులు. నా ఊసు నీకెందుకు?”

“మరి అన్నీ నా నెత్తినెడితే ఎలాగ? ఆ డాట్రే అన్నాడు. ఎండేటో, నీళ్ళు తాగకపోడమేటో, బిళ్ళలేటో, బోరు నీళ్ళేటో, దేనివల్లో ఇంకా ఎవులికీ సరిగ్గా తెల్దంట. సదువుకున్నోళ్ళకే అంతుపట్టడం నేదంట. నువ్వు ఒక్క పూటలో తేల్చీసినావు, కొండలరావు వల్లేనని!”

“బోరు నీళ్ళా? ఆ బోరు నీళ్ళు నానూ తాగినాను. నీ కాడికి రాకముందు ఆడు రాయిలాగుండీవోడు.”

“రాయే! సాయంత్రమైతే ఆ రాయి బ్రాందీ షాపు కాడ తేల్తాది. అదడగవేటి?”

“మందు తాగినోళ్ళందరికీ కిడ్నీలు పోతే, నీయి ఎప్పుడో పోవాల.”

“అమ్మా!”

“నోరు సంబాళించుకో అప్పా. పెద్దదానివని ఊరుకుంతన్నాను.”

“ఊరుకోకు. ఏటి సేత్తావో సెయ్యి. కిందటేడు తాతబాబుని సూడనేదేటి నాను? ఆడూ నీ బేచ్చే. ముందు ఉచ్చలో నురగన్నాడు, ఎవులూ పట్టించుకోనేదు. తరవాత ముకం పొంగినాది, తరవాత రగతం కడిగీ మిషనెక్కించినారు. ఆఖరికి మనిసే నేడు. నా కొడుకూ అలాగే...”

“అలాగని ఎవులన్నారు? సరే, నాకొకటి సెప్పు. ఇరవయ్యేళ్ళు మేడలకి సిమెంటు మోసినావు కదా. పనికాడ నీళ్ళు తాగీదానివా?”

“ఆడోళ్ళం. తాగితే ఎక్కడికెల్తాం, ఇసక కుప్ప ఎనకాలకా? పొద్దున్నొక గ్లాసు, ఇంటికొచ్చినాక ఒక గ్లాసు.”

“ఎండనేదా నీకు?”

“ఎండకి ఆడా మగా ఉంటాదేటి?”

“అదీ! ఎండలో మోసినావు, నీళ్ళు తాగనేదు, బిళ్ళలు మింగినావు, బోరు నీళ్ళూ అవే. నీకేటైనా అయినాదా? గుండ్రాయిలాగ నా గుమ్మంలో నిలబడి అరుత్తన్నావు!”

“నాకేటయినాది? కాళ్ళు పొంగుతన్నాయి, అంతే. వయసొచ్చినాక అందరికీ పొంగుతాయి.”

“కాళ్ళా? ఎప్పట్నుంచమ్మా?”

“నీకెందుకురా ఆ గొడవ? కొండలరావూ, ఇను. రేపు నువ్వు నాతో పెద్దాసుపత్రికొచ్చి, పనిలోనే ఇలాగయినాదని సెప్పాల. నేకపోతే ఈ కాగితం అట్టుకుని పోర్టు గేటు కాడ కూకుంటాను. పేపరోళ్ళని పిలుత్తాను.”

“కూకో! అందులో నా పేరుందేటి? నీ కొడుకు పేరుంది.”

“నా కొడుకు పేరే, నా కొడుకు ఉచ్చే. అదేటి అబద్దమాడతాదా?”

“ఎక్కడా కూకోవద్దమ్మా. ఆ కాగితం నాది కాదు.”

“ఏటి?”

“పేరు నాదే. సీసాలోది నాది కాదు.”

“ఓరెదవా! ఎవుడిదిరా? తెలిత్తే నా బేచ్ మొత్తానికి పాసులు పీకీత్తారు కదరా! ఎవుడిది?”

“ఆయేళ సుగరు పరీచ్చకని సీసా ఇచ్చినాను కదమ్మా నీకు. ఈదిలో సిబిరం ఎట్టినారని...”

“ఇచ్చినావు. పట్టిచ్చినాను. సుగరు నేదన్నావు.”

“సిబిరం నేదు, ఏటీ నేదు. అది జేబులో ఎట్టుకెల్లి, పాసు పరీచ్చ కాడ బాత్రూములో, ఆలిచ్చిన సీసాలో పోసీసినాను. నువ్వు మందు ముట్టవు, ఓడలోకి దిగవు. నీది బాగుంటాదనుకున్నాను. తాతబాబు బావని సూసినాక నాకు... అందుకని...”

“అప్పా! అప్పా, ముందు కూకో. ఈ అరుగు మీద కూకో. నీళ్ళు తెమ్మంటాను.”

“నీళ్ళొద్దు. గోపీ, నా కాళ్ళకేసి కాదు, ఇలాగ నా మొకంలోకి సూడు. నా సంగతి ఒగ్గీ. నీకెన్నాళ్ళబట్టి వత్తందిరా నురగ?”