రెండు రాగాల చర్చి

ఒక టైలర్ ఇంటి ముందుగది. కుట్టుమిషను దగ్గర టైలర్, ఎదురుగా కుర్చీలో, చేతిలో పెన్నుతో, చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు, పక్కన బల్ల మీద అదే చర్చిలో ఏళ్ళ తరబడి ఆర్గాన్ వాయించిన టైలర్ భార్య.

"అదేం కాదు అయ్యగారూ. మన చర్చి వీధికి వీపు పెట్టి నిలబడ్డానికి కారణం మేస్త్రీ. ప్లాను కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు."

"వందేళ్ళ రికార్డులో 'ఉదయకాంతిని ఉద్దేశించి చేసిన నిర్మాణం' అని ఉందమ్మగారూ."

"ఉంటుంది. కట్టేశాక ఎవరో ఒకరు ఏదో ఒకటి ఉద్దేశించాలిగా! గోడలు లేచి, కప్పు పడ్డాక చూసుకుంటే గుమ్మం వెళ్ళి ప్రసంగపీఠం పక్కన తేలింది. ఆలస్యంగా వచ్చినవాడు అందరి మొహాలూ చూసుకుంటూ లోపలికి రావాలి. అందుకే మన మెథడిస్టు చర్చికి ఇంతవరకూ ఆలస్యంగా వచ్చినవాడు లేడు."

"ఒకళ్ళున్నారు."

"మీరు మిషను తొక్కుకోండి. అయ్యగారు అడుగుతున్నది నన్ను."

"నువ్వే వచ్చావు. మన పెళ్ళి రోజున."

"పెళ్ళికూతురు లెక్కలోకి రాదు."

"ఎంత ఆలస్యమైందేంటి మాస్టారూ?"

"మూడు చరణాలు అయ్యగారూ."

"చరణాలా?"

"అవునండీ. నేను ముందు నిలబడి ఉన్నా. మావాళ్ళ కీర్తన అయిపోయింది, కూర్చున్నారు, దగ్గారు, విసనకర్రలు కూడా తీశారు. ఈవిడేమో వాళ్ళవాళ్ళ కీర్తనకి అడుగులేస్తూ ఇంకా గుమ్మం కూడా దాటలేదు."

"మావాళ్ళు, వాళ్ళవాళ్ళు అంటే... కమిటీ మినిట్స్‌లో 'పదకొండేళ్ళ సిద్ధాంత భేదం' అని ఒక ముక్క రాసి వదిలేశారు. అదేనా?"

"సిద్ధాంతమా, పాడా! రాగం అయ్యగారూ, రాగం. ఆరాధన మొదట్లో పాడే కీర్తన ఉందే, దానికి మా నాన్న ఒక రాగం కట్టాడు. ఆయన ఇక్కడ ఉపదేశి, పాస్టరు లేనప్పుడు వాక్యం చెప్పేవాడు. నిదానంగా, మాట మాటా తూచినట్టుండేది. అందరూ అదే పాడేవాళ్ళు. అంతలో బ్యాండు మేస్టరు దిగాడు."

"మా మేనమామ."

"వీళ్ళ మేనమామ. వచ్చిన నెలకే అదే కీర్తనని కవాతు పాటలా తయారుచేసి కుడివైపు బెంచీలవాళ్ళకి నేర్పేశాడు."

"కవాతేం కాదు. కాస్త చురుకుంది, అంతే."

"మా నాన్న నిలబడి, 'ఇది ప్రార్థన, పరుగుపందెం కాదు' అన్నాడు."

"మా మామ నిలబడి, 'దేవుడికి కూడా కునుకు పడుతోందయ్యా' అన్నాడు."

"అంతే. ఆ ఆదివారం నుంచి ఎడమవైపు ఒక రాగం, కుడివైపు ఒక రాగం. ఒకే కీర్తన, ఒకేసారి."

"ఒకేసారా? ఒకరి తర్వాత ఒకరు కాకుండా?"

"ఒకరి తర్వాత ఒకరంటే ముందెవరో తేలాలిగా అయ్యగారూ! అది తేలక ఇద్దరూ కలిసే మొదలెట్టేవాళ్ళు. వీళ్ళు ముందే ముగించి, మావైపు చూస్తూ గొంతు సవరించుకునేవాళ్ళు. ఆ సవరింపుకి ఒళ్ళు మండిపోయేది."

"వీళ్ళు కావాలనే ఇంకా సాగదీసేవాళ్ళు. అది చెప్పవేం?"

"సాగదీశాం. అబద్ధమెందుకు?"

"మరి అప్పటి పాస్టర్లు ఏం చేశారు?"

"ఏం చేస్తారు పాపం! పాస్టర్లని వేసే కాన్ఫరెన్సు నలుగుర్ని పంపింది. నాలుగో ఆయన మూడు ఆదివారాలు విని, ఆరోగ్యం బాలేదని బదిలీ పెట్టించుకున్నాడు."

"చెవి పోటు అని రాశాడట."

"ఉండండమ్మగారూ. ఇంత పంతంలో మీ ఇద్దరికీ పెళ్ళెలా కుదిరింది?"

"చెప్పు. చెప్పవేం? ఇప్పుడు సిగ్గెందుకు?"

"సిగ్గేం లేదు. జాకెట్టు కుట్టించుకోడానికి వీళ్ళ కొట్టుకెళ్ళా అయ్యగారూ. ఈయన గుడ్డ కత్తిరిస్తూ కూనిరాగం తీస్తున్నాడు. మా నాన్న రాగం! బ్యాండు మేస్టరు సొంత మేనల్లుడు!"

"ఏదో నోటికొచ్చింది. చిన్నప్పట్నుంచీ విన్నదేగా."

"'మీ మామకి చెప్తా' అన్నా. 'చెప్పకు, జాకెట్టు రేపే ఇస్తా' అన్నాడు."

"ఇచ్చానా లేదా?"

"ఇచ్చాడు. చేతులు బిగుతు."

"భలేవారు! కానీ మాస్టారూ, పెళ్ళయ్యాకైనా రెండువైపులూ కలిసి ఉండాల్సింది కదా?"

"మా ఇంట్లో కలిశాం. చర్చిలో మాత్రం నేను కుడివైపు, ఈవిడ ఆర్గాన్ దగ్గర. ఆర్గాన్ ఎడమవైపు కదండీ. మేమేమో దాన్ని దాటి పరిగెత్తడమే భక్తి అనుకునేవాళ్ళం."

"తర్వాత ఎలా ఆగింది? మినిట్స్‌లో అక్కడ రెండే వాక్యాలున్నాయి. 'ఆర్గాన్ గాలితిత్తిని ఎలుకలు కొరికినందున మూడు నెలలు వాద్యం లేదు. సంఘములో ఐక్యత కలిగినది' అని."

"ఎలుకలు సరే. అంతకుముందు వారం మా నాన్న పోయాడు అయ్యగారూ. అది రాయలేదా?"

"తారీఖు ఉంది."

"తారీఖే. ఆయన పెట్టె ముందు పెట్టుకుని కూడా రెండు రాగాలూ పాడారు. నేను ఆర్గాన్ మీదే ఉన్నా. ఒక్క ఆదివారం, ఆ ఒక్క కీర్తన ఆగుతారేమో అనుకున్నా. ఆగలేదు. కుడివైపువాళ్ళు ముందే ముగించేసి మామూలుగానే గొంతు సవరించుకున్నారు. మావాళ్ళూ తక్కువ తినలేదు, ఆ దుఃఖంలోనూ ఇంకో చరణం సాగదీశారు. మా నాన్న బతికుంటే రెండువైపులా చెవులు మెలేసేవాడు."

"నేను పాడలేదు."

"ఈయన పాడలేదు. నోరు మూసుకుని నిలబడ్డాడు. అది చూశా."

"ఆ తర్వాత వారమే ఎలుకలు వచ్చాయా?"

"శనివారం మధ్యాహ్నం వచ్చాయి."

"టైము కూడా తెలుసా?"

"ఏమండీ, మీరు కాసేపు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెస్తారా?"

"వెళ్ళను."

"వెళ్ళకపోతే మీ ఇష్టం. అయ్యగారూ, ఆ ఎలుకని నేనే. బెంచీలు తుడవడానికి వెళ్ళి, ఈయన పెద్ద కత్తెరతో తిత్తిని ఈ చివర్నుంచి ఆ చివరికి కోసేశా. ఇన్నేళ్ళుగా ఈయనక్కూడా చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెప్పా. తిట్టేదుంటే అయ్యగారి ముందే తిట్టండి."

"తిట్టేదేముంది? నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎలుక కొరికితే అంచు పీచుపీచుగా ఉంటుందే పిచ్చిదానా! అది గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఆ వారమంతా నా కత్తెర మొద్దుబారింది. పైగా తిత్తి కుట్టమని కమిటీ ఎవరికిచ్చింది? ఊళ్ళో ఇంకో టైలరున్నాడా?"

"మరి మూడు నెలలు ఎందుకు పట్టింది? గుడ్డ దొరకలేదన్నారు!"

"గుడ్డ రెండో రోజే దొరికింది. ఇదిగో, ఈ మిషను కింద మడిచి పెట్టుకున్నా."

"ఎందుకు మాస్టారూ?"

"మొదటి ఆదివారం విన్నానండీ. ఆర్గాన్ లేదు. శ్రుతి ఎవరికీ అందలేదు. ఏ రాగం ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక, ఆ వైపువాళ్ళు ఈ వైపువాళ్ళ నోళ్ళు చూస్తూ, ఈ వైపువాళ్ళు ఆ వైపు చూస్తూ పాడారు. మా మామ కూడా! నిదానమూ కాదు, పరుగూ కాదు, ఏదో మూడోది బయటికొచ్చింది. కుట్టి ఇచ్చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది కదా. అది కాస్త నోళ్ళకి అలవాటు పడనీ అని ఆగా."

"ఇప్పుడు మనం పాడేది ఆ మూడోదేనా?"

"అదే అయ్యగారూ. బయటూరివాళ్ళు తప్పు పాడుతున్నామనుకుంటారు. ఓసారి జిల్లా చర్చిలన్నిటి పైనుండే సూపరింటెండెంటుగారు విని, ఎంత ప్రాచీనమైన రాగం అని కళ్ళు మూసుకున్నారు. ఏమండీ, మూడు నెలలు నా కళ్ళెదురుగానే గుడ్డ దాచారా!"

"నువ్వు నా కత్తెర వాడలేదూ? నవ్వుతావేం?"

"ఏం లేదు. అయ్యగారూ, ఇవన్నీ చర్చి వందేళ్ళ పుస్తకంలో వేసేస్తారా ఏంటి? ఎలుకలనే ఉంచండి. పాపం వాటికేం నష్టం? అదేంటి, పెన్ను జేబులో పెట్టేశారు?"

"పుస్తకం పోయిన వారమే అచ్చయి వచ్చేసిందమ్మగారూ."

"వచ్చేసిందా! మరి పొద్దుట్నుంచీ మమ్మల్ని ఎందుకు తవ్వుతున్నారు?"

"యువజన సంఘం కొత్త డ్రమ్ములు తెచ్చింది. పెద్దలు సగం మంది అవి మోగితే లోపలికి రామంటున్నారు, మిగతా సగం అవి లేకపోతే రామంటున్నారు. మాస్టారూ, మీ ఆ పెద్ద కత్తెర... డ్రమ్ము తోలుకి పనికొస్తుందా?"