రాజుగారి స్టాంపులో వంగిన గీత

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ, మంగళవారం ఉదయం, మా ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో సహాయ పరీక్షకురాలిగా బాధ్యతలు స్వీకరించి, స్వయంకృషితో, నిష్ఠతో, నిర్మలమైన వర్తనతో అంచెలంచెలుగా విభాగాధిపతి స్థానానికి ఎదిగిన మా 'భూతద్దం అక్కయ్య'గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పక్క బల్ల దగ్గర కూర్చుని, 'తమ్ముడూ' అని పిలిపించుకునే భాగ్యానికి చిరకాలంగా నోచుకున్నవాడిని గనుక, ఈ అభినందన వ్యాసం రాసే పని సహోద్యోగులు నాకు అప్పగించారు.

ఉద్యోగంలో చేరేనాటికి అక్కయ్యగారు కొత్తకోడలు. అత్తవారింట్లో అటక మీద బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది. ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేసి కాలంచేసిన మామగారు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పాత ఉత్తరాల మీది స్టాంపులను కవర్లతో సహా అందులో దాచుకున్నారు. చాలావరకు ఒకే రకం: ఎర్రరంగు పెన్నీ స్టాంపు, మధ్యలో ఇంగ్లండు రాజుగారి తల. ఒక ఆదివారం అత్తగారు ఆ డబ్బా కిందికి దించారట.

"మీ మామగారు ఉన్నన్నాళ్ళూ దీన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదమ్మా. తీరా చూస్తే అన్నీ ఒకటే బొమ్మ. పారేద్దామంటే చేతులు రావట్లేదు."

"అప్పుడే పారెయ్యకండి అత్తయ్యా. నన్నొకసారి చూడనివ్వండి."

"చూడు తల్లీ. నీది చూసే ఉద్యోగమేగా."

భూతద్దం కింద పెట్టి చూస్తే ఏ రెండు స్టాంపులూ ఒక్కలా లేవు. ఒకదానిలో రాజుగారి ముక్కు మీద తెల్లమచ్చ. మరొకదానిలో అంచుగీత తెగిపోయింది. ఇంకొకదాని వెనుక, వెలుతురుకు పెడితే కాగితంలో కనిపించే నీటిగుర్తు తలకిందులుగా ఉంది. ఆ స్టాంపులు అచ్చువేసిన లోహపు పలక అరిగినా, పగిలినా, తుప్పు పట్టినా ఆ గాయం కాగితం మీద కనబడుతుందని అక్కయ్యగారు క్రమంగా తెలుసుకున్నారు. వెంట్రుకవాసి పగులు ఒకటి నెలలు గడిచేకొద్దీ ఎలా సాగిందో చెప్పడానికి స్టాంపులు, అది ఎప్పుడు మొదలైందో చెప్పడానికి కవరు మీది తపాలా ముద్ర తేదీలు, ఈ రెంటినీ జతచేసి పుటలకు పుటలు అమర్చుకున్నారు. ఆస్ట్రేలియా పటం మీద కంగారు నిలబడిన స్టాంపులు తరువాతి కాలంలో వచ్చి చేరాయి.

అక్కయ్యగారి శ్రీవారు, మేమంతా బావగారని పిలుచుకునే పెద్దమనిషి, బడిలో డ్రాయింగు మాస్టారు. ఎండలో బస్సెక్కి ఊరవతలికి వెళ్ళి ఈవిడ ఒక పాత కవరు కొనుక్కొస్తే, ఆయన దాన్ని అటూఇటూ తిప్పి చూశారట.

"ఇంత చినిగిపోయిన కవరు కోసమా ఈ ప్రయాణం?"

"చినిగింది కవరండీ. రాజుగారి మచ్చ నిక్షేపంగా ఉంది."

"మా నాన్న కళ్ళు నీకొచ్చాయి. నాకు ముక్కొక్కటే వచ్చింది," అని బావగారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళిపోయారట.

ఈ అభిరుచి వారి వృత్తికి మెరుగు పెట్టిందే గాని ఏనాడూ అడ్డు రాలేదు. తొంభైలలో వరిష్ఠ పరీక్షకురాలిగా పదోన్నతి పొందారు. కొత్తగా చేరినవారికి స్లైడు చూడడం నేర్పే పని వారికే దక్కింది. "కంగారు పడకు. ముందు అన్నీ ఒక్కలాగే ఉన్నాయనుకో. ఆ తర్వాత ఏది ఒక్కలా లేదో అదే నిన్ను పిలుస్తుంది," అనేవారు. కంగారు అన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వడం, ఆమె ఒక చూపు చూడడం, ఆ పైన అందరూ మైక్రోస్కోపుల్లోకి తలలు దించడం మా గదికి అలవాటైపోయింది.

వారి వ్యక్తిత్వాన్ని సంపూర్ణంగా ఆవిష్కరించిన సంఘటన ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. రాయడానికి వారి అనుమతి తీసుకున్నాను. "రాస్తే అంతా రాయి, సగం రాయకు," అన్నారు.

విభాగాధిపతి కుర్చీ ఖాళీ అయి, దానికి అక్కయ్యగారి పేరే వినబడుతున్న రోజులవి. ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుని, కుడికంటికి అద్దం ఆనించి, కొత్తగా సంపాదించిన ఎర్ర పెన్నీని పరిశీలిస్తున్నారు. దాని కుడి అంచుగీత మధ్యలో అలలాగా వంగి ఉంది. అటువంటి లోపం వారికి తెలిసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఏ సేకర్తకైనా జన్మకొకసారి కలిగే సంతోషం అది. బావగారిని కేకేశారు.

"ఇలా రండి. ఈ గీత చూడండి, ఎలా వంగిందో."

ఆయన అద్దం అందుకుని చూశారు. "ఎక్కడ వంగింది? తిన్నగా ఉంది."

"సరిగ్గా చూడండి. కుడి పక్క."

"పిల్లల చేత గీతలు గీయించడమే కదే నా ఉద్యోగం. ఇది తిన్నని గీత."

అక్కయ్యగారు మరో స్టాంపు తీశారు. దాని అంచూ వంగే ఉంది. ఇంకొకటి తీశారు. అదీ అంతే. తలెత్తి కిటికీ చువ్వల వైపు చూసి, ఎడమకన్ను మూశారు. చువ్వలు వంగాయి. కుడికన్ను మూశారు. నిటారుగా నిలబడ్డాయి. స్టాంపులన్నీ సర్దేసి, "లోపం రాజుగారిది కాదండీ, నాది," అన్నారట. బావగారు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నారు. సాయంత్రం దాకా ఇద్దరూ అక్కణ్ణించి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే మాకు చెప్పారు. మైక్రోస్కోపులో కూడా వారికి కుడికంటితో చూడడమే అలవాటు. మాలో ఒకరు తలుపు దగ్గరగా వేసి, "ఎడమకన్ను బాగానే ఉందిగా అక్కయ్యా. ముందు ఆ కుర్చీలో కూర్చోండి, తర్వాత నిదానంగా వైద్యం చేయించుకోవచ్చు. ఇప్పుడు నోరు విప్పితే చేతికొచ్చింది జారిపోతుంది," అన్నారు. ఆ మాట ప్రేమతో అన్నదే.

అక్కయ్యగారు నెమ్మదిగా జవాబిచ్చారు. "స్టాంపులో తప్పుంటే దాచుకుంటాను, దానికి విలువ. స్లైడులో తప్పు దాచుకుంటే, అది ఇంకొకరి ఒళ్ళమ్మా."

తిన్నగా పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళి, ఇటీవల తాను చూసిన స్లైడులన్నిటినీ మరొకరి చేత మళ్ళీ చూపించాలనీ, తనను ఆ పని నుంచి తప్పించాలనీ కోరారు. ఆ మధ్యాహ్నమే కంటి విభాగంలో పరీక్ష చేయించుకున్నారు. కంటి లోపలి పొర కింద నీరు చేరిందనీ, ఇంకొంత ఆలస్యమైతే చూపు నడిమిభాగం పూర్తిగా పోయేదనీ తేలింది.

వారు కంట్లో సూదులు పొడిపించుకుంటున్న ఆ వారాల్లోనే మేము స్లైడులు తిరగవేశాం. అంతా సవ్యంగా ఉందని రాయగలిగితే నాకెంతో హాయిగా ఉండేది. ఒక్క రిపోర్టు తప్పని తేలింది. ఒక దర్జీ రక్తంలో ఉండకూడని కణాలు కొన్ని ఉన్నాయి. మేము కబురు పెడతామన్నా వినకుండా, కంటికి కట్టుతోనే, బావగారి వెంట ఆ దుకాణానికి అక్కయ్యగారే వెళ్ళారు.

"మీ రిపోర్టు రాసింది నేనే. అందులో పొరపాటుంది. రేపు పొద్దున మీరు ఆసుపత్రికి రావాలి," అన్నారు.

దర్జీ కుట్టు ఆపి, ఆ కట్టు వైపు చూశాడట. "మీరు రాకపోతే నాకెలా తెలిసేదమ్మా?" అన్నాడు. తరువాత స్టూలు తుడిచి, కూర్చోమన్నాడు. జబ్బు తొలిదశలోనే దొరకడంతో వైద్యం ఫలించింది. ఆ దుకాణం నేటికీ నడుస్తోంది.

కుర్చీ ఆ ఏడాది వేరొకరికి వెళ్ళింది. అక్కయ్యగారు ఒక్కనాడు కూడా ఆ ఊసెత్తలేదు. అనుమానం ఉన్న ప్రతి స్లైడునూ ఇద్దరు విడివిడిగా చూడాలన్న పద్ధతిని పట్టుబట్టి అమలుచేయించారు. మొదట్లో పని పెరిగిందని సణిగిన మేమే, రాత్రిళ్ళు నిశ్చింతగా నిద్రపోవడం అప్పటినుంచే నేర్చుకున్నాం. కుడికంటి చూపు చాలావరకు దక్కింది. కొంతకాలానికి కుర్చీ మళ్ళీ ఖాళీ అయినప్పుడు, పెద్ద డాక్టరుగారు ఇంకెవరి పేరూ అడగలేదు.

ఇప్పుడు ఆదివారాల్లో ఆ బల్ల దగ్గర రెండు కుర్చీలు వేసి ఉంటాయి. సన్నగీతలు బావగారు చూసి చెబితే, అది ఏ పలకదో, పగులు ఏ దశదో అక్కయ్యగారు నిర్ణయిస్తారు. ఇద్దరికీ పడకపోతే నాకు ఫోను వస్తుంది. నాకు తెలియదంటే ఇద్దరూ కలిసి నన్ను చీవాట్లు పెడతారు. వచ్చే ఏడాది స్టాంపుల ప్రదర్శనలో తమ పుటలు తొలిసారి నలుగురికీ చూపించబోతున్నారు. ఆ పుటల కింద రెండు పేర్లూ ఉండాలని అక్కయ్యగారు, తన పేరు అక్కర్లేదని బావగారు ఇంకా వాదించుకుంటున్నారు.

అక్కయ్యగారూ! మా తప్పులను నలుగురిలో కాక నాలుగు గోడల మధ్య దిద్దారు. మీ తప్పును మాత్రం నలుగురి ముందు దిద్దుకున్నారు. ఆ ఒక్క పాఠానికి ఈ విభాగం మీకు చిరకాలం రుణపడి ఉంటుంది. మీ ఒంట్లో ఓపిక, ఇంట్లో సందడి తరగకుండా, బావగారి తోడుతో, ఎవరూ తొందరపెట్టని ఉదయాలతో మీరు నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా వర్ధిల్లాలి. ఇన్నేళ్ళూ మా అందరి కోసం అలసిన ఆ రెండు కళ్ళూ కలకాలం చల్లగా ఉండాలి.