నారరాయి

ఇనాయతుల్లా ఊపిరితిత్తులు చెడి చనిపోయిన నెలకు, యాడికి ఊరి దగ్గర ఆయన పనిచేసిన రాతిమిల్లుకు, అక్కడి దుమ్ముతో ప్రమాదం లేదని రిపోర్టు తెచ్చిన పరీక్షల ఆఫీసరును ఇనాయతుల్లా భార్య గేటు దగ్గరే నిలదీసింది.

"మా పరీక్షలో తప్పు లేదమ్మా. మేం పరీక్ష చేసింది గడ్డరాయి. దంచితే పలుకులవుతుంది. అవి ఊపిరితిత్తుల్లోకి అంత లోతుకు పోవు."

"నారరాయి దంచితే?"

"అదీ అదే ఖనిజం. కానీ సన్నని సూదులుగా చీలుతుంది. అవి లోపల గుచ్చుకుంటే బయటికి రావు."

"మా ఆయన పదేండ్లు దంచింది నారరాయి సారూ. నువ్వు యాడ తీసినావు రాయి?"

"మేనేజరు చూపించిన కుప్పలో."

"థూ! లోపలికి పోయి చూసేకి కాళ్లు లేవా నీకు? ఇదో, ఆయన ఆఖరుసారి పనికి తొడుక్కున్న చొక్కా. ఉతకలే. దుమ్ము అట్లే ఉండాది. దీన్ని పరీక్ష చెయ్!"

"దులపొద్దమ్మా! దూరం పెట్టు!"

"ఎనక్కి పోతాండావేం సారూ? ఇట్లాంటివి పదేండ్లు నా చేతుల్తోనే దులిపి ఉతికినా."