ఏడు దాటితే

ఊపిరి సమస్య కాదు శ్రీకాంత్. మంచినీళ్లొద్దు. హెడ్‌ఫోన్స్ కూడా బాగానే ఉన్నాయి. నువ్వా టాక్‌బ్యాక్ బటన్ మీంచి వేలు తియ్యి. ఎనిమిది టేకులు పోయినా నీకు విసుగు రాలేదన్నట్టు అద్దం అవతల కంట్రోల్ రూంలోంచి నవ్వుతున్నావు చూడు, ఆ నవ్వు కూడా కాసేపు ఆపు. రికార్డింగ్ ఆపావా? ఆ ఎర్రలైటు ఆరాలి. ఆఁ. ఇప్పుడు నన్ను మాట్లాడనివ్వు.

పందొమ్మిదేళ్లుగా లాస్యకి గొంతు నాది. పదకొండు సినిమాలకి డబ్బింగ్ చెప్పాను. ఆమెది బొంగురు గొంతు, హీరోయిన్‌కి పనికిరాదన్నారు. సరే, ప్రేమిస్తున్నానని నేనే చెప్పాను. వదిలి వెళ్లొద్దని నేనే ఏడ్చాను. శాలువాలు ఆమెకి కప్పారు. దానికెప్పుడూ బాధపడలేదు నేను. తెర మీద ఎవరిదో ప్రేమ, ఎవరిదో పెళ్లి, నాకేంటి?

ఇది సినిమా కాదు కదా. ఇది ఆమె నిజంగా చేసింది.

వేషాలు తగ్గాయి, ఇంట్లో కూర్చోలేనంది. ఆడవాళ్లు ఒంటరిగా అడవి చూసి ఎలా రావచ్చో వీడియోలు తీస్తానంది. మహారాష్ట్రలో పులులుండే తాడోబా అడవికి వెళ్లింది. ఒక్కతే. అడవి చూపించే జిప్సీ జీపులో ముందు కెమెరా బిగించుకుని తన గొంతుతోనే మాట్లాడింది. తీరా వచ్చాక, జనానికి ఆమె గొంతంటే నా గొంతే కాబట్టి, మళ్లీ నన్ను పిలిచారు. “నేను ఒంటరిగా వచ్చాను” అని నేను చెప్పాలి. ఫిల్మ్‌నగర్‌లో, ఏసీ గదిలో నిలబడి, మధురానగర్ నుంచి మా ఆయన స్కూటర్ మీద దింపి వెళ్తే.

వెళ్తే అన్నానా? ఎక్కడికి వెళ్తారు? నీ పక్కన సీసీటీవీ ఉందిగా, పార్కింగ్ చూడు. పేపరు చదువుకుంటున్నారా? అదీ. పట్టుమని ఐదు కిలోమీటర్ల దూరం లేదు. ఒక్కదానివీ ఎందుకు అంటారు. ఒక్కరోజు విసుక్కోలేదు. అంత మంచివాణ్ణి ఏమనగలను చెప్పు? అదే నా కష్టం.

లాస్య ఎలా వెళ్లిందో పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నావు. రైలు పగటిపూటే చంద్రపూర్ చేరేలా చూసుకుంది. స్టేషన్‌కొచ్చే కారు నంబరు, డ్రైవర్ ఫొటో ముందురోజే తెప్పించుకుంది. ఆడగైడే కావాలని అడిగి మరీ పెట్టించుకుంది. తలుపు కింద దూర్చడానికి చెక్కముక్క. ఒక్కరే వచ్చారా అని ఎవరైనా ఆరా తీస్తే, మావాళ్లు రేపొస్తున్నారనాలి. అవన్నీ ఒక్కో టేక్‌లో చెప్పేశాను కదా? చెప్తూ ఉంటే ఒళ్లు మండిపోయింది నాకు. ఇన్నాళ్లూ అదేదో మహా ధైర్యం అనుకున్నాను. పుట్టుకతో రావాలనుకున్నాను. తీరా చూస్తే పచారీ చీటీ అంత ఉంది. అంత చీటీ నేనూ రాసుకోగలను కదా.

బయల్దేరేముందు, నన్నూ ఎప్పుడైనా అలా ఒక్కదాన్నే వెళ్లి రమ్మంది. అన్నీ తను చెప్తానంది. కుదరదన్నాను. మా ఆయన్ని అడిగి చూడను కూడా లేదు. అడిగితే సరేనంటారేమోనని భయం.

అయితే హైదరాబాద్‌లో నా మనిషివి నువ్వే అక్కా అంది. వాళ్లమ్మకి చెప్తే తరవాతి రైలుకి దిగిపోతుందట. రోజూ సాయంత్రం గది చేరగానే నాకు మెసేజ్ పెడుతుంది. రెండే మాటలు, టేక్ బాగా వస్తే నువ్వంటావే, “ఓకే టేక్” అని. ఏడు దాటినా రాకపోతే నేను లాడ్జికి ఫోన్ చెయ్యాలి. ఈమె కోసం అడిగేవాళ్లున్నారని అక్కడివాళ్లకి తెలియాలి, అన్నిటికన్నా అదే ముఖ్యమంది. లాడ్జి నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

రెండు రోజులు వచ్చింది. ఆరున్నరకి ఒకసారి, ఆరూ నలభైకి ఒకసారి. మూడోరోజు రాలేదు.

ఏడయింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ఏడుంపావు అయింది. ఎదురుగా ఫ్రిజ్, దాని మీద నంబరు. హాల్లోంచి మా ఆయన అడిగారు, ఆ అమ్మాయి గది చేరిందా అని.

చేరిందన్నాను.

చేరలేదంటే ఆయన ఆ నిమిషమే ఫోన్ చేసేవారు శ్రీకాంత్. ఆయన సంగతి నాకు తెలుసు. తెలిసే చేరిందన్నాను.

ఆమెకేదో అయిపోవాలని కాదు. అంత దాన్ని కాను. కాలు బెణికితే చాలనుకున్నాను. ఎవడో ఒకడు వెకిలిగా మాట్లాడితే చాలు. సగంలో తిరిగొచ్చి, మా ఇంట్లో కూర్చుని, ఆడది ఒక్కతే వెళ్లకూడదక్కా అని ఏడవాలి. అప్పుడు నేను ఇన్నేళ్లు స్కూటర్ వెనక కూర్చోవడం తెలివైన పనయ్యేది. “నేను ముందే చెప్పాను” అని పైకే అన్నాను తెలుసా, వంటింట్లో. కోపంగా ఒకసారి, జాలిగా ఒకసారి. రెండూ ఫస్ట్ టేక్‌లోనే వచ్చాయి.

ఎనిమిదీ పదికి మెసేజ్ వచ్చింది. ఓకే టేక్. జిప్సీ ఇరుసు విరిగిందట, ఇంకో బండి వచ్చేదాకా గైడూ తనూ అడవిలోనే కూర్చున్నారట. కింద ఇంకో ముక్క. ఈపాటికి నువ్వు లాడ్జివాళ్లని హడలగొట్టేసి ఉంటావు, సారీ అక్కా.

చేశాను, లైన్ కలవలేదు అని పెట్టాను.

నమ్మింది. నమ్మితే నమ్మింది, ఊరుకోవచ్చుగా? వీడియోలో పెట్టింది. చీకట్లో జిప్సీలో కూర్చుని ఆ నిమిషాన తీసుకున్నది. ఇదిగో, నువ్వు ఎనిమిదిసార్లు నాకు తెర మీద వేసి చూపించినది. “నాకు భయం వెయ్యలేదు. ఏడు దాటితే నా కోసం ఫోన్ చేసే మనిషి ఒకరున్నారు.” అది నేను చెప్పాలి. నా గొంతుతో. పెదాలు కలిసేలా.

పైలట్ ట్రాక్‌లో, అక్కడ ఆమె సొంతంగా మాట్లాడినదాంట్లో విన్నావా, “ఒకరున్నారు” దగ్గర ఆమె గొంతు కాస్త వణికింది. ఆ బొంగురు గొంతు ఎంత బాగుందో. ఆ ఒక్క లైనూ ఆమెదే ఉంచేస్తే?

తల అడ్డంగా ఊపకు, నాకూ తెలుసు. అతకదు. ముందూ వెనకా నేనుండి మధ్యలో మనిషి మారిపోతే ఎలా?

పాపం, ఏం చెయ్యాలో తెలియక మిక్సర్ మీద ఫేడర్లు తుడుస్తున్నావు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఆమెకి చెప్పినా చెప్పకపోయినా నీ ఇష్టం. కింద ఆయనకి మాత్రం చెప్పకు. పేపరు మడిచేశారా? మడిచేసి ఉంటారు, ఈపాటికి వాచీ చూసుకుంటూ ఉంటారు.

లైటు వెయ్యి. ఈసారి వచ్చేస్తుంది. చెప్పేశాను కదా, ఇక అడ్డమేం లేదు. పందొమ్మిదేళ్లలో అబద్ధం ఎప్పుడూ నాకు సింక్ తప్పలేదు.

ఒక్కటే. బాగా వస్తే బొటనవేలు చూపించు, చాలు. ఆ రెండు మాటలు మాత్రం అనకు.