మత్తు మీరే ఇయ్యాలె

తార్నాక వైపు యూనివర్సిటీ రోడ్డు మీద పొద్దున్నే నడుస్తున్న మత్తు డాక్టరమ్మ పక్కన సర్జన్ స్కూటర్ ఆగింది. నిన్న ఆపరేషన్ థియేటర్లో ఆయన తిట్టిన తిట్లు ఇంకా ఆమె చెవుల్లోనే ఉన్నాయి.

"రేపు మా అమ్మకు ఆపరేషన్, మేడం. మత్తు మీరే ఇయ్యాలె."

"నిన్న అందరి ముందట నన్ను పిరికి డాక్టర్ అంటిరి గద!"

"అన్న. అయినా మీరు మత్తు ఇయ్యలే. సాయంత్రం ఆ పేషెంట్ గుండె రిపోర్టు వచ్చింది. ఇచ్చుంటే టేబుల్ మీదనే పోతుండె."

"అమ్మకు ఆపరేషన్ చేసేది మీరేనా?"

"కాదు, నాకు నేర్పిన సారు. అరుసుడు గూడ ఆయన దగ్గర్నే నేర్చుకున్న."

ఆమెకు నవ్వు ఆగలేదు.

"మీకు వద్దనిపిస్తే, ఎంత అరిచినా ఆయన మాట వినకుండ్రి మేడం."

"మీ మాట విన్ననా, సార్?"