మిగతా నలభై నాలుగు కిలోలు

హలో… ఆ, నేనేరా, అక్కని. ఆఫీసు నుంచే.

… తిన్నాను. … అవన్నీ తర్వాత. నాలుగింటికి భూమిని వేడెక్కించే గ్యాసుల లెక్క ఫైలు పైకి వెళ్ళిపోవాలి. మీ సిమెంటు ఫ్యాక్టరీ ఫారం నా ముందుంది. రెండో గడిలో సున్నా ఏంటి?

… ఆ గడే. 'సున్నపురాయి నుంచి వెలువడిన వాయువు'. మొదటి గడిలో బొగ్గుది బాగానే రాశావుగా?

… అందరివీ వచ్చాయి. కరెంటుది, లారీలూ బస్సులదీ, పొలాలది, చెత్తదిబ్బలది… పశువుల డాక్టరు ఆవుల త్రేన్పులు కూడా లెక్కగట్టి పంపాడు! నువ్వేమో అంత కొలిమి పెట్టుకుని సున్నా అంటావు.

… నిరుడూ సున్నానే. తెలుసు. దాన్ని చూసి పంపింది నేనే కదా. పొగ కనబడితేనే గ్యాసు అనుకున్నావు నువ్వు. తమ్ముడి కాగితమే కదా అని రెండోసారి చూడలేదు నేను. సిగ్గేస్తోంది, చెప్పుకోవాలంటే.

… మరి ఈసారి? … ఏంటి, మాట మారుస్తున్నావు?

… అంటే, తెలిసే పెట్టావా?

… ఆగు. పక్కన ఎవరున్నారు? … మేనేజరా? సరే, నువ్వు అవును, కాదు అంటే చాలు. ఆయనే పెట్టమన్నాడా?

… ఇప్పుడు దిద్దితే నిరుటిది కూడా బయటపడుతుందనా?

… అనుకున్నాను.

… ఉద్యోగం సంగతి నాకు తెలీదా? మరదలికి తొమ్మిదో నెల, నాకు మాత్రం భయం లేదా?

… ఆ అంకె నేను వేసుకోగలనురా. కానీ నా లెక్క చెల్లదు. ఫ్యాక్టరీ నోటి నుంచే రావాలి. ఫారం మీద నీ పేరుంది.

… 'ఒక్క గడే కదా'నా? మీ బొగ్గు కంటే మీ రాయే ఎక్కువ వదులుతోంది! ప్రపంచమంతా గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడులో వందకి ఆరో ఏడో పాళ్ళు ఒక్క సిమెంటుదే. అందులో సగానికి పైగా ఈ రెండో గడిదే.

… ఒకటడుగుతాను. నాన్న పనిచేసిన సున్నం బట్టీ గుర్తుందా? … గేటు దగ్గర తూకం వేసిన రోజు?

… కొత్త యజమాని వంద కిలోల రాయి తూయించి బట్టీలో వేయించాడు. కాలాక తూస్తే యాభై ఆరు కిలోల సున్నం. మిగతాది ఎక్కడ దాచావురా దొంగా అని, అందరి ముందూ నాన్న జేబులు తిరగేయించాడు. నలభై నాలుగు కిలోల కోసం… జేబులు!

… నువ్వు నా వేలు పట్టుకునే ఉన్నావు. నాన్న ఏమన్నాడు? … ఆ. 'గాల్లోకి పోయిందయ్యా' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానురా. చనిపోయేదాకా ఆయన్ని దొంగనే అన్నారు.

… గాల్లోకే పోయింది తమ్ముడూ, గ్యాసై. ఆ నలభై నాలుగు కిలోలే ఈ రెండో గడి. ఇందులో సున్నా పెడితే గాల్లోకి ఏమీ పోలేదని, ఆ రోజు యజమాని అన్న మాటే మనమూ అన్నట్టు.

… ఏడవకు. … నేనేం ఏడవట్లేదు, జలుబు.

… విను. నిరుటి తప్పు చూడకుండా పంపింది నేనని కాగితం రాశాను. సంతకం కూడా పెట్టేశాను. ఎవరు అడిగినా ముందు నా పేరే కనబడుతుంది.

… మూడూ యాభై రెండయింది. అంకె చెప్పు.

… వినబడట్లేదు. గట్టిగా. … వింటే విననీ ఆయన్ని!

… మూడు లక్షల… ఆ… పన్నెండు వేల టన్నులు. రాశాను.

… ఎవరది, అరుస్తున్నది? … ఫోను ఇవ్వకు! ఒరేయ్… తమ్ముడూ…

… హలో? … ఓహో, మేనేజరు గారా. నమస్కారమండి.

… ఆలస్యమైపోయిందండి, సిరాతో రాసేశాను.

… నేనెవరా? వాళ్ళ అక్కని. సున్నం బట్టీలో పనిచేసినాయన కూతుర్ని. ఉంటానండి.